తుపాకీ పేలకముందు పెట్టే ఖర్చు

అలమీడా కౌంటీ పంపే ఆస్తిపన్ను బిల్లులో అసలు పన్ను కింద చిన్న అక్షరాలతో ఒక పట్టిక ఉంటుంది. బడులకు ఇంత, గ్రంథాలయాలకు ఇంత, దోమల నిర్మూలనకు ఇంత అని వరుసగా పద్దులు రాసి ఉంటాయి. వాటి మధ్యే ఇంకో పద్దు కనిపిస్తుంది: హింస నివారణ పన్ను. నేను వృత్తిరీత్యా అకౌంటెంట్‌ని. తెనాలిలో బీకాం చదివి, పెళ్లయ్యాక కాలిఫోర్నియా వచ్చి, చివరికి ఓక్లండ్ నగరంలో లారెల్ అనే పేటలో స్థిరపడ్డాను. పద్దు కనబడితే ఆ డబ్బు ఎవరి దగ్గర నుంచి వచ్చింది, ఎవరి చేతికి వెళ్తోంది అని చూడనిదే నాకు తోచదు. ఈ పద్దు వెనకాల ఒక నగరం ఇరవయ్యేళ్లుగా పడుతున్న ప్రయాస ఉంది. దాన్ని మనవాళ్లకు చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

శాన్‌ఫ్రాన్సిస్కోకు అఖాతం అవతలి ఒడ్డున ఉంటుంది ఓక్లండ్. జనాభా నాలుగు లక్షల పైచిలుకు. దక్షిణంగా వెళ్తే హేవర్డ్, ఫ్రీమాంట్, మిల్పిటాస్, శాన్‌హోజే. ఆ ఊళ్లలో మన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. హేవర్డ్‌లోని యూనివర్సిటీలో మన పిల్లలు చదువుతున్నారు. వీళ్లలో చాలామందికి ఓక్లండ్ అంటే ఎయిర్‌పోర్టుకు వెళ్లే దారి, లేకపోతే టీవీలో కాల్పుల వార్త.

ఫ్రీమాంట్‌లో ఉండే మా పిన్ని కూతురికి ఈ పన్ను సంగతి చెప్తే, ముందు నమ్మలేదు. తర్వాత కోపం తెచ్చుకుంది.

"అక్కా, తుపాకులు పట్టుకు తిరిగేవాళ్లను బతిమాలడానికి మీరు పన్ను కడుతున్నారా? ఆ డబ్బుతో ఇంకో పదిమంది పోలీసుల్ని పెట్టుకోవచ్చుగా!"

"పోలీసులకీ అందులోంచే వెళ్తోందమ్మా. సగం పైన వాళ్లకే."

"మరి మిగతా సగం?"

ఆ మిగతా సగం సంగతే ఈ వ్యాసం.

ఓటర్లు తమకు తామే వేసుకున్న పన్ను

కాలిఫోర్నియాలో నగరాలు ఆస్తిపన్ను రేటును ఇష్టమొచ్చినట్టు పెంచలేవు. ఒక ప్రత్యేకమైన పనికి డబ్బు కావాలంటే ఒక్కో ఇంటికి, ఒక్కో స్థలానికి ఇంత అని నిర్ణయించి, ఆ ప్రతిపాదనను ఎన్నికల్లో ఓటర్ల ముందు పెట్టాలి. ఓటర్లు ఒప్పుకుంటేనే వసూలు. దీన్ని పార్సెల్ ట్యాక్స్ అంటారు.

2004 నవంబరులో ఓక్లండ్ ఓటర్లు 'మెజర్ వై' అనే ప్రతిపాదనను మూడింట రెండు వంతులకు మించిన మద్దతుతో ఆమోదించారు. ఇంటికి ఏటా 88 డాలర్లు, దానికి తోడు వాణిజ్య పార్కింగ్ స్థలాల్లో పార్కింగ్ రుసుము మీద అదనపు పన్ను. రెండూ కలిపి ఏటా సుమారు 2 కోట్ల డాలర్లు. పదేళ్ల గడువు. కొంత భాగం కొత్త పోలీసుల జీతాలకు, కొంత అగ్నిమాపక శాఖకు, కొంత హింసను ముందే ఆపే కార్యక్రమాలకు.

ఓటర్లు ఒక షరతు కూడా పెట్టారు. నగరం తన బడ్జెట్‌లో కనీసం 739 మంది పోలీసులకు జీతాలు చూపిస్తేనే ఈ పన్ను వసూలు చేయాలి. పన్ను డబ్బు వచ్చింది కదా అని అసలు బడ్జెట్‌లో కోత పెట్టకుండా వేసిన ముడి అది. అయితే 2010లో ఆర్థికమాంద్యం దెబ్బకు నగరం 80 మంది పోలీసుల్ని ఉద్యోగాల నుంచి తీసేసింది. షరతు తప్పింది. పన్ను ఆగితే నివారణ కార్యక్రమాలూ ఆగిపోతాయి. ఆ ఏడు నవంబరులో ఓటర్లు మరో ప్రతిపాదన ఆమోదించి షరతును సడలించాక గానీ గండం గడవలేదు. పోలీసుల లెక్క తప్పితే, వాళ్లతో సంబంధంలేని నివారణ పనికి డబ్బు ఆగిపోయేలా ముడి వేశారన్నమాట. ప్రజాధనంతో నడిచే ఏ పథకమైనా ఎక్కడ తెగుతుందో తెలియాలంటే దాని షరతుల్ని చదవాలి.

2014లో గడువు తీరేసరికి 'మెజర్ జెడ్' వచ్చింది. ఈసారి వందకు 77 మంది అవునన్నారు. ఏటా సుమారు 2 కోట్ల 40 లక్షల డాలర్లు వస్తాయని అంచనా. పంపకం ఇలా: ముందుగా 3 శాతం లెక్కల తనిఖీకి, నిర్వహణకు. తర్వాత 20 లక్షల డాలర్లు అగ్నిమాపక శాఖకు. మిగిలినదాంట్లో 60 శాతం పోలీసులకు, 40 శాతం హింస నివారణకు. ఆ అంచనా మీద నేను లెక్క వేశాను. పన్నుగా కట్టిన ప్రతి వంద డాలర్లలో దాదాపు 53 పోలీసులకు, 8 అగ్నిమాపక శాఖకు, 3 తనిఖీకి వెళ్లేవి. నివారణకు అందేది 35 చిల్లర. ఈ పన్నుతో సంబంధం లేకుండా ఓక్లండ్ పోలీసు శాఖకు ఉండే బడ్జెట్ ఇప్పుడు ఏడాదికి 30 కోట్ల డాలర్ల పైమాటే. 'పోలీసులకివ్వాల్సింది వీళ్లకిస్తున్నారు' అనే మాటను ఈ అంకెల పక్కన పెట్టి చూడాలి.

వెయ్యిమందిలో ఒక్కరు

డబ్బు వచ్చాక దాన్ని ఎవరి మీద ఖర్చు పెట్టాలన్నది అసలు ప్రశ్న. తొలినాళ్లలో చాలా నగరాల్లాగే ఓక్లండ్ కూడా ఆ డబ్బును రకరకాల మంచి పనులకు పంచింది. బడి మానేసిన పిల్లలకు, వేసవి ఉద్యోగాలకు, కౌన్సెలింగుకు. అన్నీ అవసరమైనవే. కానీ కాల్పులు తగ్గాలంటే, కాల్చే చేతికి, తూటా తగిలే ఒంటికి అతి దగ్గరలో ఉన్నవాళ్లెవరో ముందు తెలియాలి.

2012 నుంచి పరిశోధకులు నగరంలో జరిగిన హత్యలను ఒక్కొక్కటిగా తీసి, పోలీసులతో, వీధుల్లో పనిచేసేవాళ్లతో కూర్చుని పరిశీలించారు. తేలిందేమిటంటే, ఏ సమయంలో చూసినా కాల్పుల ముప్పు అత్యంత ఎక్కువగా ఉన్నవాళ్లు నగరం మొత్తంలో సుమారు 400 మంది. వెయ్యిమందిలో ఒక్కరు. అందరూ అనుకున్నట్టు వాళ్లు బడిపిల్లలు కారు. చంపినవాళ్ల సగటు వయసూ, చనిపోయినవాళ్ల సగటు వయసూ ముప్ఫైకి దగ్గరగా ఉంది. చాలామంది జైలు చూసొచ్చినవాళ్లు. చంపినవాళ్లూ చచ్చినవాళ్లూ ఒకే వీధుల మనుషులు. ఈ ఏడు గాయపడ్డవాడే వచ్చే ఏడు ప్రతీకారానికి బయల్దేరే అవకాశం ఉంది.

ఆ 400 మందిని పేరుపేరునా చేరాలి. ఓక్లండ్ 2012 చివర్లో కొత్తగా మొదలుపెట్టిన 'సీజ్‌ఫైర్' విధానం ఇదే. దీని మూలం బోస్టన్. 1996లో అక్కడ పోలీసులు, పాస్టర్లు, సామాజిక కార్యకర్తలు, హార్వర్డ్ పరిశోధకుడు డేవిడ్ కెనడీ బృందం కలిసి ఆ పద్ధతిని తయారుచేశారు. ఓక్లండ్ అంతకుముందు కూడా దీన్ని అరకొరగా ప్రయత్నించి వదిలేసింది. చర్చిల వాళ్లు, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులు నగరపాలకుల మీద ఒత్తిడి తెచ్చాకే రెండోసారి పూర్తిస్థాయిలో మొదలైంది.

పని జరిగే తీరు ఇది. పెరోల్ మీదనో ప్రొబేషన్ మీదనో ఉన్న కొందరు యువకుల్ని ఒక చర్చికో సామాజిక భవనానికో పిలుస్తారు. దీన్ని 'కాల్-ఇన్' అంటారు. ఎదురుగా పోలీసు అధికారి ఉంటాడు, పాస్టర్ ఉంటాడు, కొడుకుని పోగొట్టుకున్న తల్లి ఉంటుంది, ఏళ్ల తరబడి జైల్లో ఉండి వచ్చినవాడు ఉంటాడు. వాళ్లు చెప్పేది ముక్కుసూటిగా ఉంటుంది. నువ్వు బతికి ఉండాలి, బయట ఉండాలి. నీకు సాయం కావాలంటే ఈ క్షణం నుంచే మేమున్నాం. కాల్పులు మాత్రం ఆగాలి. ఆగకపోతే చట్టం మొదట మీ గుంపు దగ్గరికే వస్తుంది.

సాయానికి ఒప్పుకున్నవాడికి ఒక లైఫ్ కోచ్‌ని కేటాయిస్తారు. నెలకోసారి పలకరించి ఫైలు మూసే ఉద్యోగం కాదు ఇది. కోచ్ చేతిలో కొద్దిమందే ఉంటారు. రోజూ ఫోన్ చేస్తాడు, ఇంటికి వెళ్తాడు, కోర్టు వాయిదాకు తోడు వెళ్తాడు, డ్రైవింగ్ లైసెన్స్ తెప్పిస్తాడు, ఉద్యోగం ఇచ్చే యజమానితో మాట్లాడతాడు. ఏడాది, ఏడాదిన్నర ఆ చెయ్యి వదలడు. మన ఊళ్లలో తగువు ముదిరితే రెండు వైపులా మాట చెల్లే పెద్దమనిషిని పిలిచేవాళ్లు. ఇక్కడ ఆ పాత్ర ఒకప్పుడు అదే వీధుల్లో తిరిగి, శిక్ష అనుభవించి, మారి వచ్చినవాడిది. పోలీసు చెప్తే వినని మాట ఇతను చెప్తే వింటారు. ఫేస్‌బుక్‌లో ఒక అవమానం, ఒక పాత పగ, ఒక అమ్మాయి విషయం, ఇలాంటివే ఇక్కడ తుపాకీదాకా వెళ్తాయి. అవి అక్కడిదాకా వెళ్లకముందే మధ్యలోకి దిగేవాళ్లను 'వయొలెన్స్ ఇంటరప్టర్లు' అంటున్నారు.

శుక్రవారం రాత్రుళ్లు చర్చిల ఆధ్వర్యంలో నడకలు జరుగుతాయి. ఈస్ట్ ఓక్లండ్‌లో కాల్పులు ఎక్కువగా జరిగే వీధుల గుండా ఇరవై, ముప్ఫైమంది నెమ్మదిగా నడుస్తారు. నేనూ వెళ్తుంటాను. ఉపన్యాసాలేం ఉండవు. మూలమీద నిలబడ్డ కుర్రాళ్లకు చెయ్యి కలుపుతాం, బాగున్నారా అని అడుగుతాం, సాయం కావాలంటే పిలవమని ఫోన్ నంబరున్న కార్డు ఇస్తాం. అక్కడ నిలబడే పిల్లల కళ్లలో మొదట అనుమానం ఉంటుంది. తరచూ అవే ముఖాలు కనిపించేసరికి వాళ్లే ముందు పలకరిస్తారు. ఆ పలకరింపు వెనకే ఎప్పుడో ఒకనాడు ఫోన్ వస్తుందని కోచ్‌లు చెప్తారు.

ఆసుపత్రి మంచం దగ్గర

ఈ రంగంలో దేశానికి ఓక్లండ్ నేర్పిన పాఠం ఒకటుంది. షెర్మన్ స్పియర్స్ అనే ఓక్లండ్ యువకుడు 1989లో తూటా దెబ్బకు నడవలేని స్థితికి చేరాడు. ఆసుపత్రి మంచం మీద ఉన్నవాడికి ప్రాణం నిలబెట్టే వైద్యం అందుతుంది. 'ఇప్పుడేం చేద్దాం? ఇంటికి వెళ్తే నాకు రక్షణ ఉందా? నా స్నేహితులు పగ తీర్చుకోవడానికి వెళ్తున్నారు, ఆపేదెవరు?' అనే ప్రశ్నలకు మాత్రం సమాధానం చెప్పేవాళ్లు అప్పట్లో ఉండేవారు కారు. ఆ లోటు తనకు అనుభవమైంది కాబట్టి, 'యూత్ అలైవ్' అనే సంస్థతో కలిసి 1994లో ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. కాల్పుల్లో గాయపడ్డ యువకుడి మంచం దగ్గరికి, అదే అనుభవం దాటి వచ్చిన మనిషి వెళ్తాడు. హైలాండ్ ఆసుపత్రిలో మొదలైన ఆ పని ఇవాళ అమెరికాలో ఎన్నో నగరాల ఆసుపత్రుల్లో నడుస్తోంది.

చనిపోయినవాళ్ల ఇళ్లకూ వెళ్లాలి. 2000 సంవత్సరంలో మారిలిన్ వాషింగ్టన్ హారిస్ కొడుకు ఖదాఫీ హత్యకు గురయ్యాడు. అప్పటి నుంచి ఆమె కొడుకుని పోగొట్టుకున్న ఇళ్లకు వెళ్లడమే పనిగా పెట్టుకున్నారు. అంత్యక్రియలకు డబ్బెలా, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బాధితుల పరిహారానికి ఏ కాగితాలు నింపాలి, మిగిలిన పిల్లలకు ధైర్యమెవరు చెప్తారు అన్నవన్నీ మొదటి గంటల్లోనే చూడాల్సినవి. ఆ ఇంట్లో ఉన్న తమ్ముడు తుపాకీ పట్టుకుని బయటికి వెళ్లకుండా ఆపగలిగే సమయం కూడా అదే. ఇలాంటి సంస్థలకు నగరం కాంట్రాక్టులిచ్చి డబ్బు చెల్లిస్తుంది. ఆ 35 డాలర్లు చివరికి చేరేది ఇక్కడికి.

ఫలితం ఉందా?

మా పిన్ని కూతురు అడిగిన ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుండాలి. 2012లో ఓక్లండ్‌లో 120కి పైగా హత్యలు జరిగాయి. 2018 నాటికి ఆ సంఖ్య 70 దరిదాపులకు దిగింది. ఆంథనీ బ్రాగా నాయకత్వంలో పరిశోధకులు ఓక్లండ్‌ను ఇతర కాలిఫోర్నియా నగరాలతో పోల్చి చూసి, సీజ్‌ఫైర్ వల్ల తుపాకీ హత్యలు సుమారు 31 శాతం తగ్గాయని 2019లో తేల్చారు.

ఆ తర్వాతే పట్టు సడలింది. 2020లో కోవిడ్ వచ్చి కాల్-ఇన్‌లు ఆగాయి. పోలీసు శాఖలో సీజ్‌ఫైర్ కోసమే ఉన్న బృందాన్ని వేరే పనులకు మళ్లించారు. నగరంలో హింస నివారణకు ప్రత్యేక విభాగాన్ని 2017లోనే ఏర్పాటు చేశారు కానీ, ఆ విభాగానికీ పోలీసులకూ మధ్య సమన్వయం పలచబడింది. సేవలు ఆ 400 మంది మీద కాకుండా విశాలంగా పరుచుకున్నాయి. హత్యలు 2021లో మళ్లీ 120 దాటాయి. ఆ తర్వాత రెండేళ్లూ అదే స్థాయిలో ఉండిపోయాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ రోజుల్లో డబ్బు ఆగలేదు. మెజర్ జెడ్ పన్ను వసూలవుతూనే ఉంది. పైపెచ్చు 2021లో నగర మండలి హింస నివారణ విభాగానికి రెండేళ్ల బడ్జెట్‌లో అదనంగా కోటిన్నర డాలర్లకు పైనే కేటాయించింది. డబ్బు పెరిగింది, హత్యలూ పెరిగాయి. నివారణ అంటే నమ్మకం లేనివాళ్లు దీన్ని చూపించి, 'చూశారా, దండగ' అన్నారు. సీజ్‌ఫైర్‌ను తయారుచేసినప్పుడు సాయపడిన నిపుణులే నగరం కోరిక మీద మళ్లీ తనిఖీ చేసి, 2024 మొదట్లో నివేదిక ఇచ్చారు. నగరం తనకు ఫలితమిచ్చిన పద్ధతి నుంచి పక్కకు తప్పుకుందని అందులో స్పష్టంగా చెప్పారు. ఆ తర్వాత పద్ధతిని తిరిగి గాడిలో పెట్టారు. 2024లో హత్యలు అంతకుముందు ఏడాదికన్నా దాదాపు మూడో వంతు తగ్గాయి.

ఈ ఎత్తుపల్లాలన్నీ సీజ్‌ఫైర్ వల్లనే అని నేను అనను. 2020లో అమెరికా మొత్తంమీద హత్యలు ఒక్క ఏడాదిలో దాదాపు 30 శాతం పెరిగాయి. 2024లో దేశమంతటా తగ్గాయి కూడా. ఆ గాలి ఓక్లండ్ మీదా వీచింది. అయినా బోస్టన్‌లోనూ ఇదే వరస కనిపిస్తుంది. 1990ల చివర్లో యువకుల హత్యలు బాగా తగ్గాక, 2000 ప్రాంతంలో అక్కడి బృందం చెదిరిపోయింది. హత్యలు తిరిగి పెరిగాయి. మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. జబ్బు తగ్గినట్టు కనిపించగానే మందు ఆపేసే అలవాటు నగరాలకూ ఉంది.

పొరుగున రిచ్‌మండ్

ఓక్లండ్‌కు ఉత్తరాన కొద్ది మైళ్ల దూరంలో రిచ్‌మండ్ ఉంది. లక్ష పైచిలుకు జనాభా ఉన్న ఆ చిన్న నగరంలో 2007లో 47 హత్యలు జరిగాయి. ఆ ఏడే నగరం పోలీసు శాఖతో సంబంధం లేకుండా 'ఆఫీస్ ఆఫ్ నైబర్‌హుడ్ సేఫ్టీ' అనే కార్యాలయం పెట్టి, డివోన్ బోగన్ అనే ఆయనకు అప్పగించింది. కాల్పుల్లో ఉన్నారని తెలిసినా కేసు రుజువు కాని యువకుల్ని ఎంచుకుని, పద్దెనిమిది నెలలపాటు వాళ్ల వెంటే ఉండే కార్యక్రమం 2010లో మొదలైంది. మొదటి ఆరు నెలలూ నిలకడగా ఉండి, అనుకున్న లక్ష్యాలు సాధిస్తే, తర్వాత గరిష్ఠంగా తొమ్మిది నెలలు నెలకు వెయ్యి డాలర్ల వరకు ఇస్తారు. దేశమంతా గగ్గోలు పెట్టింది దీని మీదే. ఆ భత్యం దాతల నిధుల నుంచి వచ్చింది. నగర ఖజానా భరించింది సిబ్బంది జీతాల్ని.

2014లో రిచ్‌మండ్‌లో హత్యలు 11. తర్వాత వచ్చిన ఒక శాస్త్రీయ అధ్యయనం, ఈ కార్యక్రమం వల్ల తుపాకీ మరణాలు, గాయాలు సగానికి పైగా తగ్గాయని అంచనా వేసింది. తుపాకీ లేని దాడులు కొంత పెరిగినట్టు కూడా అదే అధ్యయనం చూపింది. మంచినీ చెడునూ కలిపి చెప్పే ఇలాంటి లెక్కల్నే ప్రజాధనం ఖర్చు పెట్టేవాళ్లు బయటపెట్టాలి.

డబ్బు ఎక్కడి నుంచి, ఎన్నాళ్లు?

ఒక కుర్రాడి నమ్మకం సంపాదించడానికి కోచ్‌కు నెలలు పడుతుంది. గ్రాంట్ మాత్రం ఏడాదికో రెండేళ్లకో ముగుస్తుంది. కోచ్ ఉద్యోగం పోతే ఆ కుర్రాడు మళ్లీ ఒంటరి. పైగా అమెరికాలో ప్రభుత్వ గ్రాంట్లు చాలావరకు సంస్థ ముందు సొంత డబ్బు ఖర్చు పెట్టి, బిల్లులు పంపి, తర్వాత రాబట్టుకునే పద్ధతిలో ఉంటాయి. పెద్ద సంస్థలు తట్టుకుంటాయి. వీధుల్లో నిజంగా మాట చెల్లే చిన్న సంస్థల దగ్గర రెండు నెలల జీతాలకు సరిపడా నిల్వ ఉండదు. చెల్లింపు ఆలస్యమైతే ముందు వెళ్లిపోయేది ఆ మాట చెల్లే మనిషే.

కేంద్ర ప్రభుత్వ డబ్బు సంగతి ఇంకా అస్థిరం. 2021లో కోవిడ్ సహాయ చట్టం కింద రాష్ట్రాలకు, స్థానిక ప్రభుత్వాలకు 35 వేల కోట్ల డాలర్లు వచ్చాయి. అందులో కొంత హింస నివారణకు వాడుకోవచ్చని బైడెన్ ప్రభుత్వం ప్రోత్సహించింది. 2022లో రెండు పార్టీలూ కలిసి చేసిన తుపాకీ భద్రతా చట్టంలో ఇలాంటి కార్యక్రమాలకు ఐదేళ్లలో 25 కోట్ల డాలర్లు పెట్టారు. ప్రభుత్వం మారాక, 2025 ఏప్రిల్‌లో న్యాయశాఖ మూడు వందలకు పైగా గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేసింది. మొదట మంజూరైనప్పుడు వాటి విలువ 80 కోట్ల డాలర్ల పైమాట. కాల్పుల్ని ఆపే సామాజిక కార్యక్రమాలు అందులో ఎన్నో ఉన్నాయి. మనుషుల్ని ఉద్యోగాల్లో పెట్టుకుని, వీధుల్లో మాట ఇచ్చేసిన సంస్థలకు, డబ్బు లేదని ఒక ఉత్తరం వచ్చింది.

అందుకే స్థానికంగా పుట్టే డబ్బుకు విలువ ఎక్కువ. కాలిఫోర్నియా రాష్ట్రం ఇందులో కొంత ముందుచూపు చూపింది. 2024 జూలై 1 నుంచి తుపాకులు, తూటాల అమ్మకం మీద 11 శాతం పన్ను వేసింది. ఇలాంటి రాష్ట్ర పన్ను వేయడంలో దేశంలో ఇదే మొదటిది. అందులోంచి ఏటా మొదటి 7.5 కోట్ల డాలర్లు హింస నివారణ గ్రాంట్లకు వెళ్లాలని చట్టంలోనే రాశారు. 2022లో చేసిన మరో చట్టంతో, పేదలకు ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడి-కాల్ నుంచి కూడా ఈ సేవలకు డబ్బు చెల్లించే వీలు కలిగింది. గాయపడ్డవాడి మంచం పక్కన కూర్చుని ప్రతీకారం ఆపే మనిషి చేసేది వైద్యంలో భాగమేనని రాష్ట్రం ఒప్పుకుందన్నమాట.

ఓక్లండ్ ఓటర్లు 2024 నవంబరు 5న తీసుకున్న నిర్ణయం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. శాంతిభద్రతల మీద కోపంతో ఆ రోజు మేయర్‌నీ, కౌంటీలోని మిగతా ఓటర్లతో కలిసి జిల్లా అటార్నీనీ పదవుల నుంచి దించేశారు. అదే బ్యాలెట్ మీద, గడువు తీరిపోతున్న పన్ను స్థానంలో 'మెజర్ ఎన్‌ఎన్'ను ఆమోదించారు. ఇంటికి ఏటా 198 డాలర్లు, పార్కింగ్ మీద 10 శాతం, తొమ్మిదేళ్లు. ఏటా 4 కోట్ల 70 లక్షల డాలర్ల వరకు వస్తుందని అంచనా. నాయకుల మీద నమ్మకం పోయిన ఓటర్లు పని మీద నమ్మకం పోగొట్టుకోలేదు. వాళ్లలో ఎందరో కాల్పులు అరుదైన వీధుల్లో ఉండేవాళ్లు. ఇంకో పేటలో ఇంకొకరి కొడుకు బతకడానికి పన్ను కట్టడానికి వాళ్లు సిద్ధపడ్డారు. నేను ఈ ఊళ్లో ఉండటానికి గర్వపడే కారణాల్లో ఇదొకటి.

హత్య జరిగాక కూడా మనం డబ్బు కడుతూనే ఉంటాం. ఆంబులెన్స్, ఆపరేషన్ థియేటర్, డిటెక్టివ్‌లు, కోర్టు, లాయర్లు, పదుల ఏళ్ల జైలు, అన్నీ ప్రజాధనమే. ఒక్కో హత్యకు ప్రభుత్వాలకయ్యే ఖర్చు పది లక్షల డాలర్లు దాటుతుందని ఓక్లండ్‌లోనే ఉన్న ఒక పరిశోధన సంస్థ లెక్కగట్టింది. ఆ ఖర్చు మీద ఎవరూ ఓటు అడగరు, ఎవరూ గొడవ చేయరు. ముందు పెట్టే ఖర్చుకే మన దగ్గర సవాలక్ష ప్రశ్నలు.

అడగాల్సిన ప్రశ్నలు

ప్రశ్నలు వద్దని కాదు. సరైనవి అడగాలి. ఈ పన్ను ఖర్చును పరిశీలించడానికి పౌరులతో ఒక పర్యవేక్షక కమిషన్ ఉంటుంది. నగరపాలక భవనంలో సాయంత్రాలు దాని సమావేశాలు జరుగుతాయి. ఎవరైనా వెళ్లి కొద్ది నిమిషాలు మాట్లాడవచ్చు. ఓటు హక్కు ఉండనక్కర్లేదు. హెచ్-1బి వీసా మీద ఉన్నా, విద్యార్థిగా ఉన్నా మాట్లాడవచ్చు. నేను వెళ్లినప్పుడు ఆ గదిలో ఖాళీ కుర్చీలే ఎక్కువ కనిపిస్తాయి. కోట్ల డాలర్ల ఖర్చు మీద మాట్లాడటానికి వచ్చేది వేళ్లమీద లెక్కపెట్టగలిగినంత మంది.

అక్కడ నేను ప్రతిసారీ అడిగేవి నాలుగు. ఈ ఏడు పెట్టిన డబ్బులో ఎంత భాగం అత్యంత ముప్పులో ఉన్న ఆ కొన్ని వందలమందిని చేరింది? వీధిలో పనిచేసే చిన్న సంస్థల బిల్లులు ఎన్ని రోజుల్లో చెల్లిస్తున్నారు? కోచ్‌లు ఉద్యోగాల్లో ఎన్నాళ్లు నిలుస్తున్నారు? నగరంతో సంబంధం లేని పరిశోధకుల చేత ఫలితాలు కొలిపించి, బాగున్నా బాగోకపోయినా బయటపెడుతున్నారా? ఈ నాలుగింటికి సమాధానం చెప్పగలిగిన నగరం డబ్బుని సరిగ్గా వాడుతున్నట్టే. చెప్పలేని నగరానికి ఎంత డబ్బిచ్చినా ఓక్లండ్‌కు 2021లో జరిగిందే జరుగుతుంది.

ప్రజాధనంతో హింసను ముందే ఆపవచ్చు. ఈ నగరం అది చేసి చూపించింది. వదిలేస్తే ఏమవుతుందో కూడా చూపించింది. డబ్బు నిలకడగా రావాలి, ముప్పులో ఉన్న మనిషినే చేరాలి, లెక్క అడిగేవాళ్లు ఉండాలి. ఈ మూడింట్లో ఒకటి తప్పినా మిగతా రెండూ పనికిరావు.

బే ఏరియాలో, అంటే ఈ అఖాతం చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్లకు నాదొక మనవి. ఓక్లండ్‌లో వాణిజ్య పార్కింగ్ స్థలంలో డబ్బు కట్టి కారు నిలిపిన ప్రతిసారీ మీరూ ఈ పన్ను కడుతున్నారు. కాబట్టి ఇది మీ వ్యవహారం కూడా. మీ నగరంలో ఇలాంటి పద్దు ఉందో లేదో ఈసారి బిల్లు వచ్చినప్పుడు చూడండి. ఉంటే అది ఎక్కడికి వెళ్తోందో అడగండి. లేకపోతే ఎందుకు లేదో అడగండి. అడగడానికి ఒక సాయంత్రం కేటాయించండి, మీ పక్కింటివాళ్లనూ వెంట తీసుకెళ్లండి.